ఓదెమ్మ ఇచ్చిన వంతులు

1

ఆరోగ్య గదిలోని మాట్లాడే యంత్రాన్ని మేం పెట్టె అంటాం, అది తన లెక్కలు తాను రాసుకుంటుంది. దానికి ఏడుపు రాదు, విసుగు రాదు, కాబట్టి దాని రాతలో ఆ రెండూ ఉండవు. నాకు రెండూ దండిగా వస్తాయి. ఈ బొగ్గుబాయి నాలుగో లెవెల్లో ఆ గది చూసుకునే సరోజనను నేను, నా రాత నేను రాసుకుంటున్నాను.

షిఫ్టు మొదలవగానే భాగ్య పక్కబట్టలు ఉతికాను. భాగ్య నా చెల్లెలు. ఒకసారి ఉతికితే నీళ్ళు ఎర్రగా వచ్చాయి. రెండోసారి కాస్త తక్కువ ఎర్రగా వచ్చాయి. మూడోసారికి నా దగ్గర నీళ్ళు లేవు. ఉతికిన నీళ్ళు పారబోయడానికి మా బాయిలో వీల్లేదు, వడగట్టి పుట్టగొడుగుల మడికి పోయాలి. పోశాను. రేపు ఆ పుట్టగొడుగులే వండుకుంటాం. ఇలాంటివి ఆలోచిస్తూ కూర్చుంటే ఇక్కడ ఎవరికీ ముద్ద దిగదు.

పైన ఎండ మనిషిని నిలబడనివ్వడం మానేశాక మా ముత్తాతలు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగారట. మగవాళ్ళు కొత్త దారి తవ్వుతూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పై లెవెళ్ళలోనే ఉంటారు. ఆడవాళ్ళం గాలి తొక్కుతాం. గది అంత తోలు తిత్తి, దాని మీద పలక, పలక మీద ఇద్దరు. ఒకరి తర్వాత ఒకరు తొక్కుతుంటే గాలి గొట్టాల్లోకి పోతుంది. ఆ చప్పుడు ఎప్పుడూ ఆగదు. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మాకు వినిపించదు కూడా. ప్రతి ఆడమనిషికీ ఒక వంతు ఉంటుంది. ఒంట్లో బాగోలేనివాళ్ళ వంతు ఇంకొకరు తొక్కుతారు. ఎందుకని అడగరు, అడగడం మర్యాద కాదు. ఎవరు తొక్కినా గాలి ఒకటే కదా. ఇప్పుడు భాగ్య వంతు నేనే తొక్కుతున్నాను.

ఇదే పుండుతో కళమ్మ పోయింది, ఆ తర్వాత వినోద పోయింది. గర్భసంచి మూతి దగ్గర పుండు. ఆలుమగల కలయికలో అంటుకునే పులిపిరి వైరస్ వల్ల వస్తుందని పెట్టె చెప్పింది. ముదిరాక దాని దగ్గర మందు లేదు. ముదరకముందే కాల్చిపడేసే కడ్డీ ఒకటి ఉండేది కానీ అది నాకంటే ముందు పనిచేసినామె కాలంలోనే పాడైపోయింది. ఇక మిగిలింది ఆడపిల్లలు. వైరస్ ఇంకా తగలని పిల్లలకు సూది వేస్తే వాళ్ళయినా బతుకుతారు.

సూదిమందు తొట్టిలో ఈస్ట్ నుంచి వస్తుంది. పెట్టె ఏ రకం వైరస్ అచ్చు ఇస్తే ఈస్ట్ ఆ రకం పైతొడుగు తయారు చేస్తుంది. లోపల ఏమీ ఉండదు, ఉత్త తొడుగు. ఒళ్ళు దాన్ని చూసి శత్రువు మొహం గుర్తుపెట్టుకుంటుంది. మా ఈస్ట్ ముసలిదైపోయింది. ఇంకా రెండు కాపులే కాస్తుందట, రెండోది సన్న కాపట. ఒక కాపుకు ఒకే అచ్చు.

"ఏ రకం అచ్చు పెడదాం?" అని పెట్టెను అడిగాను.

"తెలియదు. ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. గర్భసంచి మూతికి హాని చేసేవి ఓ డజను. వాటిలో ఏ చోట ఏది ఎక్కువో, ఆ చోటి స్త్రీలను పరీక్షిస్తేనే తెలుస్తుంది. నమూనాలు కావాలి."

నా కూతురు కావేరికి పదమూడేళ్ళు. భాగ్య కూతురు జానుకు ఎనిమిది. నమూనాలే కావాలంటే ఈ బాయిని తలకిందులు చేసి దులిపయినా తెస్తాను.

2

తలకిందులు చేశాను. ఒక్క నమూనా కూడా రాలలేదు.

దూదిపుల్ల, మూత ఉన్న చిన్న గొట్టం ఇంటింటికీ పంచాను. పుల్లను లోపలికి పెట్టి, తిప్పి, తీసి గొట్టంలో వేయాలి, అంతే. అందరూ తలూపారు. గొట్టాలు తీసుకెళ్ళి దీపం వెనక దాచుకున్నారు. నాకు కారణం తెలుసు. నాకంటే ముందున్నామె ఒకసారి ఎవరికి ఏ రకం ఉందో నోరు జారింది. ఆ పిల్లకు అత్తగారింట్లో కంచం వేరు, చాప వేరు అయిపోయాయి. ఆ సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

అందుకని తిత్తి దగ్గర నిలబడి అందరికీ మాటిచ్చాను. గొట్టాల మీద పేర్లుండవు. పెట్టె వైరస్‌నే చూస్తుంది, మనిషి జాడ కనిపిస్తే చెరిపేస్తుంది. ఎవరిది ఏదో నాకూ తెలియదు, దానికీ తెలియదు. పెట్టెకు కూడా అదే షరతు పెట్టాను. అయినా ఎవరూ కదల్లేదు. చివరికి తిత్తి పక్కన గోడ మీద సుద్దతో రాశాను: గొట్టం ఇచ్చుడు గూడ వంతే. ఎవ్వలు ఎగ్గొట్టద్దు.

వంతు అన్న మాట పనిచేసింది. తర్వాతి షిఫ్టులోనే ఓదెమ్మ కొంగు ఒడిలా పట్టుకొని వచ్చింది. ఓదెమ్మ తిత్తికి సర్దారు, అంటే వంతులు నడిపించే పెద్ద. నాకంటే పదేళ్ళు పెద్దది, రెండు వంతులు తొక్కి కూడా ఆయాసం లేకుండా మాట్లాడగలదు. ఒడి నిండా గొట్టాలు.

"ఇగో సరోజనా, మా షిఫ్టోల్లయి. ఒక్కటి గూడ తక్వ లేదు."

"ఎట్ల ఒప్పిచ్చినవ్ ఓదెక్కా?"

"ఒప్పిచ్చుడేంది? వంతు అని రాసినవ్ గద. వంతు ఎగ్గొట్టెటోల్లు మన బాయిల ఉన్నరా?"

ఆమె గడ్డం పట్టుకొని ముద్దు పెట్టుకున్నాను. సిగ్గుపడి చెయ్యి విదిలించుకొని పోయింది. ఈ ఏడాదిలో నేను సంతోషంగా ఉన్న షిఫ్టు ఇదే.

3

మిగతా షిఫ్టుల గొట్టాలు కూడా వచ్చాక పెట్టె లెక్క తేల్చింది. గొట్టాల్లో సగానికి పైగా పదహారో రకం. యాభై ఎనిమిది కొద్దిగా, యాభై రెండు కొద్దిగా. మిగతా వాటిలో ఏమీ లేదు. ఈ రకాలకు పేర్లు లేవు, అంకెలే. ఎవరో దొరికిన వరుసలో అంకెలు వేసుకుంటూ పోయారట.

"సగానికి పైగానా?" అన్నాను.

"ఇంత ఎక్కువ అరుదు. కానీ భూమ్మీది పాత లెక్కల్లో కూడా చాలా చోట్ల పదహారే మొదటిది. నమ్మదగినదిగానే ఉంది."

నాకు ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. భాగ్య పుండులో దొరికింది యాభై ఎనిమిది. కళమ్మ పోయేముందు తీసి దాచిన ముక్కలో యాభై రెండు. వినోదది దాచనే లేదు. మరి ఇంతమందిలో ఉన్న పదహారు ఎవరినీ చంపకుండా ఏం చేస్తోంది?

"అందరిలో ఎక్కువగా కనిపించేది, పుండ్లలో ఎక్కువగా కనిపించేది ఒకటే కావాలని లేదు," అంది పెట్టె. "చాలామందికి ఈ వైరస్ వచ్చి, దానంతటదే పోతుంది. కొద్దిమందిలోనే తిష్ఠ వేస్తుంది. పైగా మీరు చెబుతున్నది ఇద్దరి సంగతి."

ఇద్దరి మాట కంటే అందరి మాట పెద్దది కదా అనుకున్నాను. గోడ మీద లెక్క రాశాను. మొదటి కాపుకు పదహారో అచ్చు పెట్టించాను. తొట్టి మూత తీస్తే పులిసిన పిండి వాసన వచ్చింది. కావేరి వాసన చూసి, "అమ్మా, దోసెలు పొయ్యచ్చా దీంతోని?" అంది. దోసె అంటే ఏమిటో వాళ్ళ ముత్తవ్వ చెప్పగా విన్నదే, ఎన్నడూ తిన్నది లేదు. తిత్తి తొక్కుతానని కూడా మళ్ళీ సతాయించింది. సూది పడ్డాకే తిత్తి అన్నాను.

4

మొదటి కాపు సీసాల్లోకి ఎక్కింది. పిల్లలందరికీ సరిపోతుంది. రెండో కాపు యాభై ఎనిమిదికా, యాభై రెండుకా అన్నది తర్వాత చూద్దామనుకున్నాను. భాగ్య ఇవాళ అంబలి కూడా తాగలేదు. దాన్ని శుభ్రం చేసి, పక్క మార్చి, దాని వంతు తొక్కడానికి పోయాను. పలక మీద నాకు జతగా ఓదెమ్మ ఎక్కింది.

"భాగ్య ఎట్లున్నది?"

"గట్లనే."

"నువ్వు నిద్ర లేక గిట్లయితున్నవ్ చెల్లె. రేపటి సంది దాని వంతు నాకియ్యి. రాజవ్వ కోడలు బాలింత గదా, దానిది గూడ నేనే తొక్కుతున్న. దాని గొట్టం గూడ నేనే ఇచ్చిన."

నా కాలు పలక మీద తప్పింది.

"ఏం ఇచ్చినవ్?"

"గొట్టం. పచ్చి బాలింత, అది పుల్ల ఎట్ల పెట్టుకుంటది?"

"దాని గొట్టంల దాని పుల్లనే గద అక్కా పెట్టాలె?"

"వంతు అని నువ్వే రాసినవ్. ఎవలు తొక్కితేంది, తొక్కుడు అయితే అయె." కాలు ఆపకుండానే, పాపం, ఎంతో తృప్తిగా చెప్పింది. "ఒక్క దాంది గాదు. మా షిఫ్టుల సగం మంది సిగ్గని, భయమని ఏడ్సుడు వెట్టిన్రు. తెండ్రే ఇటు అని అందరియి నేనే నింపిన. రెండో షిఫ్టోల్లు గూడ తెచ్చిచ్చిన్రు. నాకేం సిగ్గు? ముగ్గురు పిల్లల్ని కన్నదాన్ని."

"అన్ని పుల్లలు నీయేనా?"

"మరి ఎవలియి?"

తొక్కుతూనే ఉన్నాను. ఆపకూడదు కాబట్టి. పదహారో రకం బాయి అంతటా లేదు. పదహారో రకం నా పక్కన నిలబడి నా చెల్లెలి కోసం బాధపడుతోంది. మిగతా ఆడవాళ్ళలో ఏముందో ఎవరికీ తెలియదు, పెద్ద కాపు కాస్తా అయిపోయింది. వంతు పూర్తికాగానే ఆరోగ్య గదికి పరిగెత్తాను.

5

పెట్టె మీద అరిచాను. ఒకే మనిషి అన్ని గొట్టాల్లో ఉంటే కనిపెట్టలేవా అన్నాను.

"మనిషి జాడ చెరిపేయమన్నారు. చెరిపేశాను."

"తిరిగి తే."

"రాదు."

పదహారు ఉన్న గొట్టాల్లో ఓదెమ్మవి ఎన్నో, నిజంగా వేరేవాళ్ళవి ఎన్నో విడదీయడానికి లేదు. మిగతా వాటిలో యాభై ఎనిమిదీ, యాభై రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి, అదీ గుప్పెడు. రెండో కాపు ఒక్కటే ఉంది, అది తప్పితే ఇంకేమీ లేదు. ఈస్ట్ రోజురోజుకీ నీరసపడుతోంది. తొట్టి మీద చెవి పెడితే ఇదివరకు బుడగల చప్పుడు వినిపించేది. ఇప్పుడు చెవి గట్టిగా ఆనిస్తే తప్ప వినిపించడం లేదు.

కొత్త గొట్టాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగాను. ఈసారి ఎవరి పుల్ల వాళ్ళే పెట్టుకోవాలని చెప్పాను.

"ఇచ్చినం గద సరోజక్కా."

"ఇంకెన్నిసార్లిస్తం?"

ఒక్కరు కూడా తీసుకోలేదు. రాజవ్వ కోడలు నన్ను గాలి తలుపు పక్కకు లాగింది. బిడ్డ చన్ను వదలకుండానే మాట్లాడింది.

"అక్కా, తప్పు మాదే. కాని మల్ల ఇయ్యం. లెక్క నువ్వే గోడ మీద రాస్తివి. మేము మల్ల ఇచ్చినమనుకో, ఆ పదహారు మా ఒంట్ల లేదని తేలుతది. మరి ఎవలిదంటరు? అందరి గొట్టాలు నింపిందెవలో షిఫ్టుషిఫ్టంత ఎరుకే. మాకోసం చేసినామెను మేమే బజార్ల నిలవెడ్తమా?"

"మీ పొల్లల పానం పోతదే!"

"పొల్లలకు ఏదో సూది తయారైంది గదా."

అది పనికిరాని సూది అని చెప్పాలంటే ఆ పదహారు ఒక్క మనిషిదని ఒప్పుకోవాలి. పేరు బయటికి రాదని తిత్తి ముందు మాటిచ్చింది నేను. వాళ్ళది పిరికితనమైతే తిట్టి దారికి తెచ్చేదాన్ని. ప్రేమను పట్టుకొని ఏమని తిట్టను?

6

ఓదెమ్మ ఇంటికి పోయాను. ఆమె దీపం వత్తి కత్తిరిస్తోంది. ముఖం చూసి కూర్చోమంది, నీళ్ళిచ్చింది. తన వాటా నీళ్ళు.

ఆమె సంగతి ఆమెకే చెప్పడం మాట తప్పడం కాదనుకొని ఉన్నదంతా చెప్పాను. పదహారు ఆమెదని, కాపు వృథా అయిందని, ఆడవాళ్ళంతా ఆమె కోసమే నోరు కుట్టేసుకున్నారని.

వత్తి కత్తిరించడం ఆపింది.

"అంటే నాకు గూడ భాగ్యకున్నదే ఉన్నదా?"

"వైరస్ ఉన్నది. పుండు లేదు. రాకపోవచ్చు గూడ."

"యాడికెల్లి వచ్చింది నాకు?"

"చెప్పలేం అక్కా. పెండ్లయిన కొత్తల వచ్చి గిన్నేండ్లు చప్పుడు చెయ్యకుండ ఉండచ్చు."

"మా ఆయన రాజలింగు పై లెవెల్ల తవ్వవట్టి రెండేండ్లాయె. దిగొచ్చి అడుగుతడు. నీ పెట్టె వచ్చి చెప్తదా ఆయనకు, పెండ్లయిన కొత్తలదని?"

చెప్పదు. పెట్టె చెప్పినా ఎవరూ వినరు. ఆమెకూ కంచం వేరవుతుందని మా ఇద్దరికీ తెలుసు.

"నీ కాళ్ళు మొక్కుత ఓదెక్కా," అన్నాను. నిజంగానే వంగాను. "నీ మనవరాలు గూడ ఆ వరసల్నే ఉన్నది."

ఆమె లేచి తలుపు తీసి పట్టుకుంది. నా మీద కోపంతోనో, తన మీద అసహ్యంతోనో నాకు అర్థం కాలేదు. "పో సరోజనా, నా షిఫ్టు యాల్లయితున్నది," అంది. బయటికి వచ్చాను. ఇంక నేను చేయగలిగింది లేదు. ఇంటికొచ్చి కావేరిని పక్కన పడుకోబెట్టుకొని, దాని జుట్టు వాసన చూస్తూ ఏడ్చాను.

7

చప్పుడు ఆగింది.

మొదట నాకు చెవుడు వచ్చిందనుకున్నాను. భాగ్య కళ్ళు తెరిచి, "అక్కా, ఏమాయె?" అంది. అప్పుడు అర్థమైంది. తిత్తి ఆగింది. నేను పుట్టాక ఒక్కసారి కూడా ఆగని తిత్తి.

పరిగెత్తాను. ప్రతి గుమ్మంలోంచీ ఆడవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు, చంకల్లో పిల్లలు, చేతుల్లో తడిపిండి. పలక మీద ఓదెమ్మ ఒక్కతే నిలబడి ఉంది. జతగా తొక్కాల్సిన పిల్లను కిందికి దింపేసింది. ఎవరైనా పలక ఎక్కబోతే చెయ్యి అడ్డం పెడుతోంది. ఆమె చెయ్యి అడ్డం వస్తే దాటగలిగినవాళ్ళు మా బాయిలో లేరు.

"ఇనుండ్రి," అంది. గొంతు పెంచలేదు. అంత నిశ్శబ్దంలో పెంచాల్సిన పనీ లేదు. "గోడ మీది పదహారు నాది. మీయి అని ఇచ్చిన గొట్టాలల్ల ఉన్నది నేను. సరోజన చెప్పలే, నాయంత నేనే చెప్తున్న. వంతు అనుకొని ఇచ్చిన. అది వంతు గాదట. గాలి ఎవలు తొక్కినా వస్తది. రోగం ఎవలిది వాళ్ళకే ఉంటది."

రాజవ్వ కోడలు ఏడుస్తూ, "తొక్కు ఓదెక్కా, పిల్లలకు గాలి ఆడదు," అంది.

"మీ పుల్లలు మీరు తెచ్చి ఈడ పెట్టుండ్రి. అందాక తొక్క."

గాలి గొట్టాల్లో మిగిలింది ఇంకా కొంతసేపు సరిపోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మిగతావాళ్ళకు ఆ లెక్క గుర్తు రాలేదు, లేక గుర్తొచ్చినా పట్టించుకోలేదు. ఇళ్ళలోకి పరిగెత్తారు. సిగ్గు, భయం అన్నీ ఆ నిశ్శబ్దంలో ఎటు పోయాయో. ఒక్కొక్కరూ వచ్చి పలక ముందు గొట్టం పెట్టి, ఆమె పాదం తాకి పక్కకు జరిగారు. ఆఖరి గొట్టం పెట్టాక ఓదెమ్మ మళ్ళీ పలక తొక్కింది. తిత్తి నిట్టూర్చింది. జతకు నేనెక్కాను.

8

ఈసారి లెక్క నిజం లెక్క. యాభై ఎనిమిది అన్నిటికంటే ఎక్కువ, వైరస్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అదే. తర్వాత యాభై రెండు. పదహారు మొత్తం బాయిలో ఇద్దరికి మాత్రమే. ఆ ఇద్దరిలో ఒకరెవరో అందరికీ తెలుసు. రెండోవారు ఎవరో ఎవరికీ తెలియదు, ఆ రెండోవారికి కూడా. ఎవరైనా కానీ, వాళ్ళ మచ్చ కూడా ఓదెమ్మే మోస్తోంది.

యాభై ఎనిమిది అచ్చు పెట్టించాను. సన్న కాపు అనుకున్నాం, అనుకున్నదానికంటే సన్నగా కాసింది. ఒక్కో పిల్లకు ఒక్కో సూది చాలని పెట్టె చెప్పింది, అయినా పిల్లలందరికీ రావు. పెద్దలు కూర్చొని తేల్చారు. తొమ్మిదేళ్ళు నిండినవాళ్ళకే వేయాలి, పెళ్ళీడు వాళ్ళకే దగ్గర కాబట్టి. అలా అయితే లెక్క సరిగ్గా సరిపోతుంది. జానుకు ఎనిమిదే. నేనూ తలూపాను. కావేరికి వస్తుంది కదా అని నా మనసు ముందే కుదుటపడింది. ఆ సంగతి భాగ్య మొహం చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు.

భాగ్య చివరిగా అడిగింది ఒక్కటే. "జానుకు సూది పడ్తదా అక్కా?"

"పడ్తది," అన్నాను.

కావేరి పక్కనే కూర్చొని దాని పాదాలు ఒత్తుతోంది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. భాగ్య ఆ మాట పట్టుకొనే పోయింది. మాకు కాల్చడానికి చోటు లేదు, పూడ్చడానికి మన్ను లేదు. మనిషిని కూడా పుట్టగొడుగుల మడికే ఇస్తాం. ఇచ్చాం.

9

పిల్లలను తిత్తి పక్కన వరుసగా నిలబెట్టాను. సూది పడ్డ చోట రుద్దుకుంటూ ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. ఓదెమ్మ దూరంగా, గోడకు ఆనుకొని నిలబడింది. ఆమెకూ మిగతావాళ్ళకూ మధ్య నలుగురు పట్టేంత చోటుంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, ఆమె పక్కన నిలబడడమూ లేదు.

కావేరి వరుసలో చివర నిలబడింది. నా చేతిలో ఉన్నది ఆఖరి సూది. నా కూతురు ముందుకొచ్చింది, ఒక్కతే కాదు, జాను చెయ్యి పట్టుకొని. జాను అంగీ చెయ్యి పైకి మడిచి, దాన్ని నా ముందుకు తోసింది.

"నా వంతు దీనికిచ్చిన."

"ఇది వంతు గాదు బిడ్డా," అన్నాను. "ఓదెమ్మ పెద్దమ్మ చెప్పలేదా? ఒకలిది ఇంకొకలు తీసుకునేది గాదు."

"పుల్ల అట్ల ఇచ్చేది గాదు. సూది ఎందుకు గాదు? ఎవలకు ఏస్తే వాళ్ళకే పనిజేస్తది గద. దీనికెయ్యి, దీనికి పనిజేస్తది."

పిల్ల లెక్కలో తప్పు లేదు.

"నువ్వు పెద్దదానివి. నీకే ముందు అవసరం."

"జానుకు పడ్తది అని చిన్నమ్మకు చెప్పినవ్ గద." నన్ను తప్పు పట్టినట్టు కూడా అనలేదు, గుర్తు చేసినట్టు అంది. "చిన్నమ్మ వంతు గిన్నొద్దులు నువ్వు తొక్కితే, ఎందుకని ఎవలన్న అడిగిన్రా?"

ఆడవాళ్ళంతా చూస్తున్నారు. వద్దని ఒక్కరన్నా అంటారేమోనని అందరి మొహాలూ వెతికాను. మా బాయిలో ఇచ్చిన వంతును అడ్డుకున్నవాళ్ళు లేరు. కావేరిని పట్టుకొని బలవంతంగా వేసేదాన్నే. దాని చెయ్యి పట్టుకున్నాను కూడా. జాను నన్ను చూస్తోంది, అచ్చం భాగ్య కళ్ళు.

జానుకు వేశాను. అది ఏడవలేదు. నేను ఏడ్చాను, సీసా కింద పెట్టేదాకా కూడా ఆగలేకపోయాను.

అప్పుడు ఓదెమ్మ గోడ దగ్గరి నుంచి కదిలింది. అర మీద మొదటి కాపు సీసాలున్నాయి. అవి కూడా పిల్లలందరికీ వేయాలి కానీ కొంత గడువు ఇచ్చి వేద్దామని ఉంచాను. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ముందుగాల దీనికెయ్యి. నా పదహారు నుంచన్న కాపాడుతది."

"యాభై ఎనిమిదిని కూడా ఇది కొంత ఆపుతుందా?" అని పెట్టెను అడిగాను.

"రెండూ ఒకే కుటుంబం. కొంత రక్షణ ఉండవచ్చు. ఉండకపోవచ్చు. తగినంత సమాచారం లేదు."

"చుట్టాలే గద," అంది ఓదెమ్మ. "చుట్టాలు ఎప్పుడన్న అక్కరకస్తరు." ఎవరో నవ్వారు. తర్వాత ఇంకెవరో. రాజవ్వ కోడలు బిడ్డను చంకనెత్తుకొని వచ్చి ఆ ఖాళీ చోటు దాటి ఓదెమ్మ పక్కన నిలబడింది. కావేరికి సూది నా చేత వేయించలేదు ఓదెమ్మ, సీసా నా చేతిలోంచి తిరిగి తీసుకొని తనే వేసింది.

10

తొమ్మిది నిండిన పిల్లలకు సూదులు పూర్తయ్యాయని పెట్టె రాసుకుంది. ఒక పేరు పక్కన "అసంపూర్ణం" అని కూడా రాసింది. చెరిపేయమన్నాను. కారణం అడిగింది. చెప్పలేదు.

తొట్టి మీద చెవి పెట్టి చూశాను. ఏ చప్పుడూ లేదు. కడిగి బోర్లించాను. కడిగిన నీళ్ళు మడికి పోశాను. మగవాళ్ళ దారి ఎప్పటికి పైకి తేలుతుందో, అక్కడ ఇంకో ఈస్ట్ ఉంటుందో లేదో నాకు తెలియదు. కావేరికి ఇంకో ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో ఏమవుతుందో అంతకన్నా తెలియదు. అప్పటికి దాని పక్కబట్టలు ఉతకడానికి నేనుండను. భయంగా ఉంది. ఇంత భయంతో మనిషి ఎలా నిలబడుతుందో కూడా నాకు తెలియడం లేదు.

సూది పడ్డాకే తిత్తి అన్న నా మాట పట్టుకొని కావేరి ఈ షిఫ్టులో పలక ఎక్కింది. నాకూ సూది పడ్డది గదా అంది. జతగా ఓదెమ్మ ఉంది. పిల్లకు ఇంకా లయ కుదరలేదు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా పడుతోంది, మధ్యలో తడబడుతోంది. గాలి మాత్రం ఎప్పటిలాగే గొట్టంలోంచి నా మొహం మీదికి వస్తోంది. ఎవరు తొక్కినా గాలి ఒకటే అనుకునేదాన్ని. ఇవాళ ప్రతి అడుగూ వినిపిస్తోంది నాకు.